హిగుచి ఇచియో ఎవరు? 24 ఏళ్లకే చనిపోయిన రచయిత్రికి జపాన్‌లో అంత పేరు ఎందుకు?

2004లో వచ్చిన 5,000 యెన్‌ల నోటు మీద ఉన్నది ఈమె బొమ్మే. బతికినన్నాళ్లూ డబ్బుకు కటకటలాడిన మనిషి.

1872లో టోక్యోలో పుట్టింది. ఆడపిల్లకు చదువెందుకని తల్లి 11 ఏళ్లకే బడి మాన్పించింది. తర్వాత తండ్రి ఆమెను ఒక కవిత్వ పాఠశాలలో చేర్పించాడు. 1889లో ఆయన పోవడంతో తల్లి, చెల్లెలి భారం ఆమె మీదే పడింది. కుట్టుపని చేసింది, అప్పులు చేసింది. 1893లో యోషివారా వేశ్యావాడ పక్కన చిన్న కొట్టు పెట్టి మిఠాయిలు, ఆటబొమ్మలు అమ్మింది. ఏడాది తిరక్కుండానే కొట్టు మూతపడింది. కానీ అక్కడ చూసిన పిల్లలే ఆమె గొప్ప నవలిక ‘తాకెకురాబె’లో పాత్రలయ్యారు.

అందులో మిదోరి అనే అమ్మాయి ఉంటుంది. ఆమె అక్క పేరున్న వేశ్య. మిదోరికీ ఆ బతుకే రాసిపెట్టి ఉంది. ఒక వానరోజు గుడి పూజారి కొడుకు నోబు చెప్పు పట్టీ మిదోరి వాళ్ల గేటు ముందే తెగుతుంది. కట్టుకోమని ఆమె ఎర్రటి గుడ్డముక్క విసురుతుంది. ఆశ ఉన్నా అతను దాన్ని తీసుకోలేడు. ఇద్దరూ నోరు విప్పరు. ఇంత సున్నితంగా రాసిన ఘట్టాలు అరుదని నా అభిప్రాయం.

మంచి కథలన్నీ దాదాపు 14 నెలల్లోనే రాసింది. మోరి ఓగై లాంటి సాహిత్య దిగ్గజం మెచ్చుకున్న 1896లోనే క్షయతో చనిపోయింది. కొత్తగా చదివేవాళ్లు ‘ఓత్సుగోమోరి’తో మొదలుపెట్టండి: రెండు యెన్‌ల కోసం దొంగతనం చేసిన పనిమనిషి కథ. చివరి పేజీ దాకా టెన్షన్ వదలదు.