ఆసుపత్రి బిల్లు బీమా కట్టింది, మరి మంచం అద్దె?

ప్రశ్న: సంక్రాంతి ముందు బూజు దులుపుతూ మా ఆవిడ స్టూలు మీద నుంచి పడింది. వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు గానీ మూడు నెలలు బెల్టు వేసుకుని విశ్రాంతి తీసుకోవాలన్నారు. ఆసుపత్రి బిల్లు దాదాపు అంతా మా కంపెనీ బీమా నుంచే చెల్లింది. ఇంట్లో ఖర్చులకు క్రెడిట్ కార్డు నుంచి 70,000 నగదు తీశాను. ఇప్పుడొక యాప్‌లో 2 లక్షలు పది నిమిషాల్లో ఇస్తామంటున్నారు. జీతం 58,000. ఇంటి రుణం ఈఎంఐతో కలిపి తప్పనిసరి ఖర్చు 40,000. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్ 8,000. ఫండ్లలో 2.1 లక్షలు, పీఎఫ్‌లో 3.6 లక్షలు ఉన్నాయి. సిప్ ఆపడం ఇష్టం లేదు. యాప్ రుణం తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. కార్డు నుంచి నగదు తీయడమే తప్పు, దాని మీద ఇది ఇంకొకటి.

మీ లేఖలో అన్నిటికీ లెక్క ఉంది. పొదుపు ఖాతాలో ఎంతుందో మాత్రం లేదు. రాయలేదంటే ఏమీ లేదనే అనుకుంటున్నాను. బీమా ఉంది, కార్డు ఉంది, ఇంకేం కావాలి అనే ధీమా నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం కనిపిస్తుంది. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు జతచేసిన నెల ఖర్చుల చీటీ చూశాను. అటెండెంటుకు 18,000, తల వైపు లేచే మంచం అద్దె 3,000, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టుకు 6,000, మందులు, డైపర్లకు 4,000. అడుగున పెన్సిలుతో కర్రీ పాయింటు 4,500. మొత్తం 35,500. ఇందులో మంచానికి, అటెండెంటుకు, కూరలకు మామూలు ఆరోగ్య బీమా పైసా ఇవ్వదు. ఏటా 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా మరణానికీ శాశ్వత వైకల్యానికే గానీ, మూడు నెలల్లో మానే నడుముకు కాదు. ఇల్లాలికి జీతం లేదు కాబట్టి ఆమె మంచాన పడినా ఆదాయానికి లోటు రాదని లెక్క వేసుకుంటారు. లోటు వచ్చేది ఖర్చు వైపు నుంచి. అత్యవసర నిధి ఉండాల్సింది దానికే.

ఇక సిప్ సంగతి. కార్డు నగదుపై వడ్డీ తీసిన రోజు నుంచే పడుతుంది. నెలకు 3.5 శాతం అనుకుంటే 70,000కు 2,450. అదే 70,000 ఫండులో ఉండి ఏడాదికి 12 శాతం తెచ్చినా నెలకు వచ్చేది 700. 700 కోసం 2,450 పోగొట్టుకోవడాన్ని మీరు క్రమశిక్షణ అనుకుంటున్నారు. నేను అనుకోను.

సిప్ ఈ నెలే ఆపండి. అప్పుడు జీతంలో 18,000 మిగులుతాయి, నెలకు తక్కువ పడేది 17,500. మూడు నెలలకు 52,500. కార్డు బాకీ, వడ్డీ కలిపినా 1.3 లక్షలు దాటదు. మరి 2 లక్షలు ఎందుకు? యాప్ వాళ్లు ఇస్తామన్నారు కాబట్టి! ఆ 1.3 లక్షలకు ఫండు యూనిట్లు అమ్మండి. కొని ఏడాది దాటిన ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండు యూనిట్లయితే ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల లాభం వరకు పన్ను పడదు. డబ్బు చేతికి రాగానే ముందు కార్డు బాకీ తీర్చండి. జీతం కోత పడే సెలవు పెట్టాల్సి వస్తే, భార్య వైద్యం కింద పీఎఫ్ అడ్వాన్సుకు దరఖాస్తు చేయండి. తిరిగి కట్టక్కర్లేదు. బంగారం తాకట్టు ఆఖరి మాట, అదీ బ్యాంకులోనే, అదీ ఆవిడ సరేనంటేనే.

డిశ్చార్జి తర్వాత మందులు, పరీక్షలకు సాధారణంగా 60 రోజుల వరకు బీమా నుంచి క్లెయిము చేసుకోవచ్చు. డాక్టరు రాసిచ్చిన ఫిజియోథెరపీకి కూడా వస్తుందేమో, ఎన్ని రోజుల గడువో మీ హెచ్‌ఆర్‌ను అడగండి. బిల్లులు పారేయకండి. సొంతంగా కుటుంబ ఆరోగ్య పాలసీ కూడా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటిపై జీఎస్టీ లేదు.

ఆవిడ లేచి తిరిగాక సిప్ వెంటనే మొదలుపెట్టకండి. ముందు అత్యవసర నిధి కూడబెట్టండి. అంటే ఆరు నెలల తప్పనిసరి ఖర్చు, మీకు 2.4 లక్షలు. ఆ 8,000ను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 30 నెలలు పడుతుంది. బోనసు కూడా అందులోనే వేస్తే ఇంకా ముందే పూర్తవుతుంది. ఆ నిధి నిండేదాకా కొత్త ఫండు పేరెత్తకండి.

ఈ జవాబు చదివేలోపే యాప్ డబ్బు మీ ఖాతాలో పడి ఉంటే, రుణంతో ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (రుణం ముఖ్య షరతుల పత్రంలో) కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో చూడండి. కనీసం ఒక రోజు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ గడువులోగా అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా రుణం మూసేయవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వెనక్కి రాకపోవచ్చు, పోతే పోనివ్వండి.