క్యాంపులో దయ్యం కథ చెప్పేటప్పుడు

శ్రీనూ,

సమ్మర్ క్యాంపు ఆఖరి రాత్రి పిల్లలకు దయ్యం కథ చెప్పాలి, ఎట్లా చెప్పను పెద్దమ్మా అని అడిగావు. టెన్షన్ పడకు బిడ్డా. కథ మన పాలమూరులోనే ఉంది.

ఆ రోజు పొద్దున్నే పిల్లల్ని పిల్లలమర్రికి తీసుకుపో. సుమారు 700 ఏళ్ల చెట్టు, మూడెకరాల పైనే పరుచుకుంది. మొదలేదో ఊడేదో పోల్చుకోలేం. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, 2018లో సెలైన్ బాటిళ్లలో చెదలమందు నింపి, కొమ్మలకు వేలాడదీసి, చుక్క చుక్కగా ఎక్కించారు. ఇదంతా పగలే, చెట్టును చూపిస్తూ చెప్పు.

రాత్రి అక్కడి నుంచే అందుకో. కాపలాదారు వచ్చి చూస్తే బాటిళ్లన్నీ ఖాళీ. నింపి పోయాడు. తెల్లారేసరికి మళ్లీ ఖాళీ, కింద నేల చూస్తే పొడిగా ఉంది. మూడో రాత్రి లాంతరు ఎత్తి చూశాడు. నిన్న లేని చోట ఒక ఊడ, దాని చివర వేళ్లు. ఐదే ఐదు.

అక్కడ ఆగిపో. కీచురాళ్ల చప్పుడు పిల్లలకు వినబడేదాకా నోరు మెదపకు. గొంతు పెంచకు, ఇంకా తగ్గించు. పగలు తమ కళ్లతో చూసిన చెట్టు కాబట్టే భయం గట్టిగా పడుతుంది. రక్తాలూ పుర్రెలూ ఫోన్లో రోజూ చూస్తూనే ఉన్నారు, అవి వద్దు. వెనక నుంచి ఎవరిచేతా అరిపించకు. దానికి పిల్లలు ఉలిక్కిపడతారు, అంతే. కథలోంచి బయటికొచ్చేస్తారు.

నల్గొండ పిల్లలైతే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూపించు. గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ ఉంటుంది, అదొక్కటి చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. బాణామతి, చేతబడి మాట ఎత్తకు. ఆ అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్నే కొట్టి చంపారు. ఒంటరి ముసలమ్మను మంత్రగత్తెను చేశావంటే, పిల్లలు ఊరికి పోయాక పక్కింటి అవ్వను అదే కళ్లతో చూస్తారు.

కథలో చెట్టును కూడా చంపకు. ఎండలకు దానికి దాహమేసిందని ఒక చిన్న పిల్ల కనిపెట్టాలి, బిందెతో నీళ్లు పోయాలి.

తర్వాత వెంటనే పడుకోబెట్టకు, కాసేపు అంత్యాక్షరి ఆడించు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లను నీ పక్కనే పడుకోబెట్టుకో. బాత్రూమ్ దాకా లైట్లు వేసి ఉంచు, నడిరాత్రి ఎవరు లేపినా విసుక్కోకుండా తోడు వెళ్లు.

మీ పెద్దమ్మ