కుక్క కావాలా? ముందు దాని తాతలు ఏం పని చేసేవారో అడగండి

కొత్త దేశంలో కాస్త కుదురుకోగానే చాలా ఇళ్లలో మొదలయ్యే పేచీ: పిల్లలకు కుక్క కావాలి. ఫోన్‌లో నీలికళ్ల హస్కీ వీడియో చూపిస్తారు, మనమూ కరిగిపోతాం. కాస్త ఆగండి. ఆ జాతిని ఏ పని కోసం పెంచుకొచ్చారో ముందు తెలుసుకోండి. ఇప్పుడు ఆ పని లేకపోయినా ఆ బుద్ధి చాలావరకు అలాగే ఉంది.

కుక్క జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని ఏడు గ్రూపులు చేసింది. బ్రిటన్‌లోనూ ఏడే, పేర్లే కొంచెం తేడా. అంతర్జాతీయ కెన్నెల్ సంస్థ ఎఫ్‌సీఐ లెక్కలో పది. వాటిని బట్టీ పట్టనక్కర్లేదు, వెనకున్న పని అర్థమైతే చాలు.

చిన్నపిల్లలున్నవాళ్లు ముందుగా చూడాల్సింది హెర్డింగ్ గ్రూపు. బోర్డర్ కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, జర్మన్ షెపర్డ్, కోర్గీ, అన్నీ మంద కాసిన వంశాలే. 1983 వరకు అమెరికాలో వీటిని వర్కింగ్ గ్రూపులోనే లెక్కేసేవారు. మహా తెలివైనవి, కానీ ఇంట్లో మంద ఉండదు కదా, పరిగెత్తే పిల్లలే మంద అనుకుని చుట్టుముడతాయి, మడమల దగ్గర పళ్లు ఆనిస్తాయి. అది కోపం కాదు, కోర్గీ పశువుల్ని తోలింది అలాగే. రోజూ వీధి చివరిదాకా తిప్పితే బోర్డర్ కోలీకి చాలదు, బుర్రకు పని ఇవ్వకపోతే సోఫా చింపడమే పనిగా పెట్టుకుంటుంది.

హస్కీది వర్కింగ్ గ్రూపు. మంచులో బళ్లు లాగిన కుక్క, రోజంతా ఆఫీసులో ఉండేవాళ్ల అపార్ట్‌మెంట్‌లో దాన్ని పెట్టడం నా దృష్టిలో దానికీ శిక్షే, పక్కింటివాళ్లకూ శిక్షే, ఆ ఊళలు వింటే తెలుస్తుంది. రాట్‌వైలర్, డాబర్‌మన్ కూడా ఈ గ్రూపే. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు నేను చెప్పను.

హౌండ్లు, అంటే వేటకుక్కల్లో రెండు రకాలు. బీగల్ లాంటివి ముక్కుతో బతుకుతాయి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో మన బ్యాగుల్లో పళ్లు, మాంసం ఉన్నాయేమోనని వాసన చూసేది అవే. వాసన తగిలాక మీ పిలుపు వినపడదు, కాబట్టి లీష్ వదలొద్దు. గ్రేహౌండ్ చూపుతో వేటాడేది. అంత వేగంగా పరిగెత్తే కుక్క ఇంట్లో రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుందంటే ఎవరూ నమ్మరు. ఫ్లాట్‌లో ఉండేవాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. పిల్లి ఉంటే మాత్రం జాగ్రత్త.

టెర్రియర్లు ఎలుకల్ని, నక్కల్ని బొరియల్లోకి దూరి పట్టినవి. అక్కడ యజమాని ఆజ్ఞ అందదు, సొంత నిర్ణయమే. అందుకే ఆ మొండితనం, ఆ తవ్వుడు. టాయ్ గ్రూపు చిన్నవే కానీ నోరు పెద్దది, పైగా నడక నేర్చే పిల్లలున్న ఇంట్లో భయం కుక్క ఎముకల గురించే. నాన్ స్పోర్టింగ్ ఒక కలగూరగంప: పూడిల్, డాల్మేషియన్, బుల్‌డాగ్. పూడిల్ జుట్టు తక్కువ రాలుస్తుంది, కానీ గ్రూమింగ్ ఖర్చు తప్పదు, అలర్జీ అస్సలు రాదన్న మాటా నమ్మొద్దు. ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఎండలో ఊపిరి కష్టం, చాలా విమాన సంస్థలు వాటిని కార్గోలో ఎక్కించుకోవు. రేపో మాపో దేశం మారే మనలాంటివాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ స్పోర్టింగ్ గ్రూపు, వేటగాడి పక్కనే ఉండి చెప్పింది తెచ్చిచ్చినవి, అందుకే మనిషితో అంత సర్దుబాటు. అయినా మొదటి రెండేళ్లు చెప్పులు, వైర్లు ఏవీ మిగలవు.

ఇంతా చెప్పాక ఒక మాట. 2022లో సైన్స్ పత్రికలో 18 వేలకు పైగా కుక్కల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో తేడాకు జాతి కారణమయ్యేది సుమారు 9 శాతమే అని తేలింది. మాట వినే గుణంలో జాతి ప్రభావం కాస్త ఎక్కువ కనిపించింది, తేలిగ్గా రెచ్చిపోవడంలో దాదాపు లేదు. అంటే గ్రూపు చూసి వడగట్టండి, చివరికి మాత్రం ఎదురుగా ఉన్న కుక్కను చూసి తేల్చుకోండి. షెల్టర్‌లో ఫోస్టరింగ్‌కు ఇస్తారేమో అడగండి, కొన్ని వారాలు ఇంట్లో ఉంటే అసలు స్వభావం బయటపడుతుంది.

అద్దె ఇంట్లో ఉంటే అన్నిటికన్నా ముందు లీజు చదవండి. కొన్నిచోట్ల ఫలానా జాతులు వద్దని రాసి ఉంటుంది, ఇంటి ఇన్సూరెన్స్‌లోనూ అంతే. ఇంగ్లండ్‌లోనైతే ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ కుక్కను మినహాయింపు సర్టిఫికెట్ లేకుండా ఉంచుకోవడం 2024 ఫిబ్రవరి 1 నుంచి నేరం.