చేప నూనె మాత్రలతో రక్తం పలచబడుతుందా?

చేప నూనె మాత్రల మీద వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక భాగం ఒకే భయంతో రాసినవి: రక్తం ఆగదేమోనని. వాటిలోంచి కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75, క్లోపిడోగ్రెల్ 75 వాడుతున్నారు. మా తమ్ముడు అమెరికా నుంచి చేప నూనె డబ్బా పంపాడు. అసలే రక్తం పలచబడే మందులు, వాటి మీద ఇదెందుకని మందుల షాపతను భయపెట్టాడు. వేయొచ్చా?
(కూకట్‌పల్లి)

జవాబు: ముందు డబ్బా వెనక్కి తిప్పి చూడండి. ముందువైపు పెద్దక్షరాల్లో కనిపించే 1000 మి.గ్రా. మొత్తం నూనె బరువు. పని చేసేవి అందులోని ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రెండు ఒమేగా-3 కొవ్వులు. మామూలు రకంలో అవి 180, 120 చొప్పున, కలిపి 300 మి.గ్రా. మాత్రమే ఉంటాయి. గాఢత పెంచిన రకాల్లో అదే సైజు మాత్రలో 600 దాటుతాయి. అమెరికా డబ్బాలతో ఇంకో మెలిక ఉంది. అక్కడ 'సర్వింగ్' అంటే చాలాసార్లు రెండు మాత్రలు. వెనక వేసిన అంకె ఆ రెండింటికీ కలిపి.

ఇక రక్తం సంగతి. రక్తనాళానికి గాయమైతే ప్లేట్‌లెట్లు అక్కడ చేరి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మిగతావాటిని రమ్మని పిలిచే రసాయనం థ్రాంబాక్సేన్ ఎ2. ఇది ప్లేట్‌లెట్ పొరలో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం నుంచి తయారవుతుంది. చేప నూనె కొన్ని వారాలు వాడితే ఆ పొరలో కొంత జాగా ఈపీఏ ఆక్రమిస్తుంది. దాని నుంచి వచ్చే థ్రాంబాక్సేన్ ఎ3కి అంత పదును లేదు. అందుకే అతుక్కునే గుణం కాస్త తగ్గుతుంది. ఎకోస్ప్రిన్ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది, కానీ చాలా గట్టిగా. థ్రాంబాక్సేన్‌ను తయారుచేసే ఎంజైమునే శాశ్వతంగా మూసేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం ఉండదు కాబట్టి కొత్త ఎంజైము చేసుకోలేదు. దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు, అన్నాళ్లూ అది అలాగే ఉండిపోతుంది. ఎకోస్ప్రిన్ వాడేవారికి చేప నూనె జత చేయడం తాళం వేసిన గేటుకు గొలుసు కూడా చుట్టడం లాంటిది.

ఈ భయానికి మూలం గ్రీన్‌లాండ్‌లో ఉంది. అక్కడి ఇన్యూట్ ప్రజల్లో రక్తస్రావం ఆగడానికి ఎక్కువ సమయం పడుతోందని డెన్మార్క్ వైద్యులు బాంగ్, డైయర్‌బర్గ్ 1970లలో గమనించారు. అయితే వాళ్ల రోజువారీ తిండే సీల్, తిమింగలం, చేప. ఒకటి రెండు మాత్రలతో దానికి పోలిక లేదు. ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి రోజుకు 5 గ్రాముల వరకు మాత్రల రూపంలో తీసుకున్నా దానంతట అది రక్తస్రావమయ్యే ముప్పు పెరగదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో తేల్చింది. మామూలు మాత్రలతో ఆ 5 గ్రాములు చేరాలంటే రోజుకు 16కు పైగా మింగాలి.

అసలు చూసుకోవాల్సింది గుండె దడ. శుద్ధి చేసిన ఈపీఏను రోజుకు 4 గ్రాముల చొప్పున ఇచ్చి 8,179 మందిని పరిశీలించిన రెడ్యూస్-ఇట్ అధ్యయనంలో తీవ్ర రక్తస్రావం మందు వాడినవారిలో 2.7 శాతం, వాడనివారిలో 2.1 శాతం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో ఆసుపత్రిలో చేరినవారు 3.1 శాతం, 2.1 శాతం. ఈ జబ్బులో గుండె పైగది సరిగా ముడుచుకోదు, రక్తం అక్కడ నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. గడ్డలు రాకూడదని వేసుకున్న నూనె పెద్ద మోతాదులో ఇలా ఎదురు తిరగొచ్చన్నమాట. నాడి గతి తప్పినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించండి.

నాన్నగారి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు మామూలుగా ఉంటే ఈ డబ్బా వల్ల ఆయనకు ఒరిగేది తక్కువ. తమ్ముడు ప్రేమగా పంపాడన్నది వైద్య కారణం కాదు. దీనికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి కార్డియాలజిస్టును అడగండి: స్టెంట్ వేసి రెండేళ్లయినా రెండు మందులూ ఎందుకు నడుస్తున్నాయని. చాలామందికి 6 నుంచి 12 నెలల తర్వాత ఒకటి ఆపుతారు. కొనసాగించడానికి ఆయనకు ప్రత్యేక కారణం ఉండొచ్చు, కాబట్టి మీరుగా మాత్రం ఏదీ ఆపొద్దు. నల్లటి మలం, ఆగని ముక్కు రక్తం కనిపిస్తే ముందు ఆ జంట మందులనే అనుమానించాలి, చేప నూనెను కాదు.

ప్రశ్న: నాకు గుండెలో మైట్రల్ వాల్వ్ మార్చి మెకానికల్ వాల్వ్ పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ వాడుతున్నాను. ఆకుకూరలు తగ్గించమన్నారు. చేపలు తినొచ్చా? చేప నూనె వేసుకుంటే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే పరీక్ష) మారుతుందా?
(మల్కాజిగిరి)

జవాబు: చేప మాంసంలో విటమిన్ కె చాలా తక్కువ. నిశ్చింతగా తినండి.

అసిట్రోమ్ దారి వేరు. అది ప్లేట్‌లెట్ల జోలికి పోదు. విటమిన్ కె సాయంతో కాలేయం తయారుచేసే 2, 7, 9, 10 నంబర్ల గడ్డకట్టే కారకాలను తగ్గిస్తుంది. ఐఎన్‌ఆర్ కొలిచేది ఆ దారినే. చేప నూనె ప్రభావం ప్లేట్‌లెట్ల మీద కాబట్టి సాధారణ మోతాదులో ఐఎన్‌ఆర్ దాదాపు కదలదు. అలాగని 'ఐఎన్‌ఆర్ బాగుంది కాబట్టి చేప నూనె రక్తం మీద ఏమీ చేయట్లేదు' అనుకోవడం కూడా తప్పే. అది ఈ పరీక్షకు అందదు, అంతే. మోతాదు ఉన్నట్టుండి పెంచినప్పుడు ఐఎన్‌ఆర్ ఎగబాకిన ఒకటీ అరా కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అందుకని మొదలుపెట్టేటప్పుడు, పెంచేటప్పుడు, ఆపేటప్పుడు డాక్టరుకు చెప్పి వారంలో ఒకసారి, ఆ తర్వాత రెండు వారాలకు ఇంకోసారి పరీక్ష చేయించుకోండి. మీలాంటి వాల్వ్ ఉన్నవారికి ఐఎన్‌ఆర్‌ను సాధారణంగా 2.5, 3.5 మధ్య ఉంచుతారు.

చేప నూనె పేరుతో కాడ్ లివర్ ఆయిల్ తెచ్చుకోవద్దు. అది కాలేయం నుంచి తీసిన నూనె, విటమిన్ ఎ, డి ఎక్కువ. చర్మం నిగనిగలాడుతుందని దానికి తోడు ఈవియాన్ 400 అనే విటమిన్ ఇ మాత్ర మింగే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అంత మోతాదులో విటమిన్ ఇ అయితే విటమిన్ కె పనికి అడ్డుపడి అసిట్రోమ్ బలాన్ని పెంచగలదు. వీటన్నిటికంటే పెద్ద ముప్పు విరేచనాలకని షాపులో అడిగి తెచ్చుకునే మెట్రోనిడజోల్. అది అసిట్రోమ్‌ను శరీరం వదిలించుకోకుండా అడ్డుకుంటుంది, కొద్ది రోజుల్లోనే ఐఎన్‌ఆర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ కూడా వద్దు.

ఆకుకూరలు పూర్తిగా మానేయమని అర్థం చేసుకున్నారేమో. గోంగూర, తోటకూర, పాలకూర వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో తింటే డాక్టరు దానికి తగ్గట్టు మాత్ర సరిచేస్తారు. ఒక వారం అసలు తినకుండా, మరో వారం రోజూ పప్పులో వేసుకుంటేనే చిక్కు.

ప్రశ్న: వచ్చే వారం పిత్తాశయం ఆపరేషన్. చేప నూనె ఎన్ని రోజుల ముందు ఆపాలి?
(మెహదీపట్నం)

జవాబు: చాలామంది సర్జన్లు 7 నుంచి 10 రోజుల ముందు ఆపమంటారు. పొరలో ఈపీఏ చేరిన పాత ప్లేట్‌లెట్లు పోయి కొత్తవి రావడానికి అంత సమయం పడుతుందన్నది లెక్క. నిజానికి 1,516 మంది గుండె ఆపరేషన్ రోగులకు ముందు కొద్ది రోజుల్లో 8 నుంచి 10 గ్రాములు, ఆ తర్వాత రోజుకు 2 గ్రాములు ఇచ్చి చూసిన ఒపెరా అధ్యయనంలో రక్తస్రావం పెరగలేదు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. మీకు వారమే ఉంది, ఈరోజు ఆపేయండి. ఆపడం వల్ల పోయేదేమీ లేదు. ఇంకా ఆపకపోయినా ఆ ఒక్క కారణంతో ఆపరేషన్ వాయిదా వేయక్కర్లేదు. మత్తు డాక్టరుకు మాత్రం మాత్ర పేరుతో సహా చెప్పండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు వేరే ఉంది. 'రక్తం పలచబడేవన్నీ ఆపమన్నారు' అనుకుని చేప నూనెతో పాటు ఎకోస్ప్రిన్ కూడా పక్కన పెట్టేస్తారు. స్టెంట్ ఉన్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎకోస్ప్రిన్ ఆపాలా వద్దా అన్నది కార్డియాలజిస్టు, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయికి డెంగీ. ప్లేట్‌లెట్లు 60 వేలు. రోజూ వేసే ఒమేగా-3 మాత్ర కొనసాగించాలా?
(ఉప్పల్)

జవాబు: ఆపండి. ఉన్న ప్లేట్‌లెట్లే తక్కువైనప్పుడు వాటి పనిని కొంచెం కూడా తగ్గించుకోవడం ఎందుకు? జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దు. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే సంఖ్య ఎంతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం తగ్గిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మరింత జాగ్రత్తగా కనిపెట్టాలి.

ప్రశ్న: మాత్రల బదులు చేపలే తింటే సరిపోదా? రాంనగర్ మార్కెట్‌లో ఏవి కొనాలి? మా ఆవిడ శాకాహారి, అవిసె గింజలు చాలా?
(వనస్థలిపురం)

జవాబు: సరిపోతుంది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 100 గ్రాముల ముక్కలు చాలు. అయితే ఏ చేప అన్నదే అసలు విషయం. మృగశిర కార్తె రోజు ఎగబడి కొనే కొరమీనులో రుచి ఉంది గానీ కొవ్వు తక్కువ, దాంతో ఒమేగా-3 కూడా తక్కువే. చెరువు చేపలు రవ్వ, బొచ్చె కూడా ఈ విషయంలో వెనకే. ముందుండేవి సముద్రపు చౌక చేపలు: కవళ్లు, కానాగంతలు. మంచి సీజన్‌లో 100 గ్రాముల కవళ్లలో సుమారు 1 గ్రాము ఈపీఏ, డీహెచ్‌ఏ ఉంటాయి. మూడు మామూలు మాత్రలకు మించి అన్నమాట.

వీటిని కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా మెరవాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఐసు సరిగా లేక పాడైన కానాగంతల్లో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి దురద, తలనొప్పి వస్తే చాలామంది 'చేప పడదు' అనుకుంటారు. చాలాసార్లు తప్పు ఆ రోజు కొన్న చేపది.

పులుసు పెడితే కరిగిన నూనె గిన్నెలోనే ఉంటుంది, అన్నంలోకి వస్తుంది. మూకుడులో ముంచి వేయిస్తే చేప కొవ్వు కొంత బయటికి పోయి పొద్దుతిరుగుడు నూనె లోపలికి వస్తుంది. అపోలో ఫిష్‌ను ఒమేగా-3 ఖాతాలో రాసుకోవద్దు.

అవిసెల్లో ఉండేది ఏఎల్‌ఏ అనే మరో రకం ఒమేగా-3. శరీరం అందులో కొద్ది శాతాన్నే ఈపీఏగా మార్చుకుంటుంది, డీహెచ్‌ఏ అయ్యేది ఇంకా తక్కువ. ప్లేట్‌లెట్ల మీద ప్రభావం నామమాత్రం. అవిసెల పొడి తినడం మంచి అలవాటే, పీచు కోసం. గింజలు మింగితే అలాగే బయటికి పోతాయి కాబట్టి పొడి కొట్టుకోవాలి. ఆవిడకు డీహెచ్‌ఏ కావాలంటే సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్గల్ ఆయిల్ మాత్రలున్నాయి. చేపలకు కూడా ఒమేగా-3 మొదట వచ్చేది ఆ నాచు నుంచే.

ప్రశ్న: మాత్ర వేసుకున్నాక త్రేన్పుల్లో చేప వాసన. నూనె పాడైందా?
(తార్నాక)

జవాబు: వాసన కొద్దిగా రావడం మామూలే. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఎక్కువ. మధ్యాహ్న భోజనం మధ్యలో వేసుకోండి. కొవ్వున్న తిండితో అయితే నూనె ఒంటికి బాగా పడుతుంది కూడా. అనుమానం తీరాలంటే ఒక మాత్రను కత్తెరతో కోసి వాసన చూడండి. తాజా చేప వాసన ఫర్వాలేదు. పాత పెయింటు డబ్బా వాసన ముక్కుకు తగిలితే డబ్బా మొత్తం పారేయండి. ఏప్రిల్, మే నెలల్లో వంటింటి అరలో పెట్టొద్దు. మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచి, తెరిచిన మూడు నెలల్లో వాడేయండి.