దీపావళి తుపాకీ

ప్రశ్న: మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుందండీ. అల్లుడు నల్లజాతి అమెరికన్, మంచివాడు, మాకే పేచీ లేదు. మొన్న దీపావళికి 11 ఏళ్ల మనవణ్ని తీసుకుని వచ్చింది, వాడు వయసుకి మించి ఏపుగా ఉన్నాడు. తాతయ్య ముచ్చటపడి రీళ్ల తుపాకీ కొనిచ్చారు. పిల్లడు వీధిలో రెండుసార్లు పేల్చాడో లేదో, అమ్మాయి పరుగున వచ్చి లాక్కుని విసిరేసింది. చేతులు వణికిపోతున్నాయి దానికి. ఆయన చిన్నబోయారు. అక్కడ షాపులో జేబుల్లో చేతులు పెట్టొద్దనీ, పోలీసులు ఆపితే చేతులు కనపడేలా ఉంచమనీ వాడికి ఎప్పుడూ చెబుతుందట. మా తోడికోడలు, సున్నిపిండి పెట్టి రుద్దితే రంగు తేలుతాడని సరదాకి అంటే దానికీ ఏడ్చింది. పసివాణ్ని ఇంత భయపెట్టాలా?
– ఒక అమ్మమ్మ, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ఆ చేతులు ఊరికే వణకలేదు. 2014 నవంబర్ 22న క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే 12 ఏళ్ల నల్లజాతి పిల్లడు పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్నాడు. ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు, తుపాకీ ఉత్తుత్తిదే అయ్యుంటుంది, చిన్నపిల్లాడే అయ్యుంటాడు అని కూడా చెప్పారు, కానీ ఆ మాట కారులో వచ్చిన పోలీసులదాకా చేరలేదు. వచ్చిన రెండు సెకన్లలోనే కాల్చేశారు. కాల్చాక రేడియోలో, 20 ఏళ్లుంటాయేమో అన్నారు. మర్నాడు ఆ పిల్లడు చనిపోయాడు. కాల్చిన పోలీసు మీద హత్య కేసు కూడా పెట్టలేదు.

మీ మనవడు ఏపుగా ఉంటే మీకు ముద్దు, కన్నతల్లికి గుబులు. అక్కడి నల్లవాళ్ల ఇళ్లలో తరతరాలుగా ఈ జాగ్రత్తలు చెప్పుకుంటూనే ఉన్నారు, ‘ది టాక్’ అని దానికో పేరు కూడా ఉంది. ఏ తల్లీ సరదాపడి చెప్పదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మాత్రం సున్నిపిండి మాట. వీధిలో జాగ్రత్త అని అమ్మ చెబితే, తప్పు చూసేవాళ్లదనీ తనది కాదనీ పిల్లాడికి నచ్చజెప్పొచ్చు, అమ్మాయి అది కూడా చెబుతూనే ఉంటుంది. అదే అమ్మమ్మగారింట్లో తన ఒంటిని రుద్ది మార్చాలంటే వాడికి ఇంక ఏం చెబుతుంది? వాడికి తెలుగు సరిగా రాకపోవచ్చు, నవ్విన మొహాలు అర్థమవుతాయి కదమ్మా.

తాతయ్యగారికి ఆ క్లీవ్‌లాండ్ పిల్లాడి సంగతి చెప్పండి, ఆయనకి కోపం ఉండదు. తోడికోడలితో మాత్రం మీరే మాట్లాడండి, ఆ పని అమ్మాయి మీద పెట్టకండి.