బూందీకి డాక్టరు కావలెను

ప్రశ్న: డాక్టరు గారూ, మేం నల్లకుంటలో అద్దెకుంటాం. మా పాప వీధిలో దొరికిన ఆడ కుక్కపిల్లను ఎత్తుకొచ్చి, బూందీ అని పేరు కూడా పెట్టేసింది. రెండు నెలలుంటాయేమో. పక్కింటాయన ‘పెట్ షాపులో ఇంజెక్షన్ వేస్తారు, చవక’ అంటున్నారు. ఖర్చు తలుచుకుని మా ఆయనకు టెన్షన్. మంచి డాక్టర్ని ఎలా వెతకాలి? నెలకు ఎంత పక్కన పెట్టాలి?
– ఎస్.కె., నల్లకుంట

జవాబు: అమ్మా, ముందు ఆ షాపు మాట మరిచిపోండి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కౌంటర్ మీద గంటలకొద్దీ పడి ఉన్న సీసాను నమ్మలేం. డాక్టరు ఫ్రిజ్ లోంచి సీసా తీసి, మీ ఎదుటే కలిపి, సీసా మీది స్టిక్కరు ఊడదీసి టీకా పుస్తకంలో అంటించి, తేదీ వేసి సంతకం పెట్టాలి. అలా చేస్తున్నారో లేదో చూడండి. వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటం వద్దు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అడిగినవాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. కోపమొచ్చేది, పిల్లికి విషమైన పారాసిటమాల్ మింగించి తెచ్చేవాళ్ళ మీద.

మొదటిసారి బూందీ లేకుండా మీరొక్కరే వెళ్ళండి. సాయంత్రం రద్దీ వేళ ఓ అరగంట కూర్చుంటే ఆ క్లినిక్ సంగతి తెలిసిపోతుంది. ‘రాత్రి పదింటికి ఫోనెత్తుతారా? లేకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు?’ అని అడగండి. చాలా ఆటోలవాళ్ళు కుక్కను ఎక్కించుకోరు కాబట్టి పేరున్న దూరపు డాక్టరు కంటే నడిచి వెళ్ళగలిగే డాక్టరే మేలు. బూందీని తీసుకెళ్ళినప్పుడు ఒళ్ళోంచి దించకండి. టీకాలు పూర్తికాని పిల్లకు క్లినిక్ నేల మీద పార్వో అనే ప్రాణాంతకమైన వాంతులు-విరేచనాల జబ్బు అంటుకోవచ్చు. పెద్ద జబ్బు చేస్తే మీకు దగ్గర్లోనే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. పొద్దున్నే వెళ్ళండి.

ఇక డబ్బు. మా కాలనీలో ఒకమ్మాయి తన కుక్క ఖర్చులు నోటుబుక్కులో రాసుకుంటుంది. తిండి కాక తొలి ఏడాది టీకాలు, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, అన్నీ కలిపి 16 వేలు దాటింది. రెండో ఏడాది 6 వేలే. అందుకని నెలకు 1,500 వేసుకోండి. రెండో ఏడాది కూడా తగ్గించకండి.

ఎందుకంటారా? మా కుక్క సింహం సంగతి చెబుతాను. ఓ ఆగస్టులో రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఉక్కపోతకేమోలే అనుకున్నాను, డాక్టరునై ఉండి కూడా! మూడో రోజు పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. చెవి మడతలో మినపగింజంత గోమారి. టిక్ ఫీవర్, అంటే గోమారి కాటుతో వచ్చే జబ్బు! రక్తపరీక్షలు, సెలైన్లు, వారంలో 9 వేలు. అదీ నా స్నేహితుడు ఫీజు తీసుకోకుండా. వారానికోసారి బూందీ చెవుల్లో, వేళ్ళ మధ్య చూడండి. బీమా తీసుకుంటానంటే సరే, కానీ అప్పటికే ఉన్న జబ్బుకు మామూలుగా డబ్బు రాదు. షరతులు పూర్తిగా చదవండి.

పార్వోలాంటి కొన్ని జబ్బులకు కలిపి ఒకే ఇంజెక్షన్‌గా వేసే టీకా ఇప్పుడే మొదలుపెట్టించండి. నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు. ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఇది ఉచితంగా వేస్తుంటారు, కానీ తొలి టీకాకు ఆ రోజు కోసం ఆగొద్దు. వీధిలో దొరికిన పిల్ల, తల్లి ఎవరో తెలీదు. ఆటలో పాపను పంటితో గీరినా సరే, 15 నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు మీ నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌కు తీసుకెళ్ళండి. ఇప్పటికే గీరి ఉంటే ఈ జవాబు చదవడం ఆపి ఇప్పుడే బయల్దేరండి.