జీఎన్‌ఎం చేసి అమెరికాలో ఆర్‌ఎన్‌గా పనిచేస్తున్నవాళ్లు ఆన్‌లైన్ బీఎస్‌ఎన్ ఎంచుకునేముందు

సిస్టర్, మీరు రాసింది చదువుతుంటే కొన్నేళ్ల కిందటి నా పరిస్థితే కళ్లముందు కనిపించింది. ఖమ్మంలో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్స్ పరీక్ష) పాసై, గ్రీన్ కార్డుతో డాలస్ వచ్చి, ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) ఏడాదిన్నరగా నైట్ డ్యూటీలు చేస్తున్నానన్నారు. మేనేజర్ బీఎస్‌ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) చేయమంటోందని, 'తొమ్మిది నెలల్లో డిగ్రీ' అనే ప్రకటనల్లో ఏది నమ్మాలో తెలియడం లేదని అడిగారు. నేను గుంటూరులో జీఎన్‌ఎం చేశాను. ఇక్కడ టెక్సస్‌లోనే వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేసుకుంటూ 2021లో ఆన్‌లైన్ బీఎస్‌ఎన్ పూర్తిచేశాను. కానీ అంతకుముందు ఆరు నెలలు, ఒక టర్మ్ ఫీజు వేరే కాలేజీలో పోగొట్టుకున్నాను. అది మీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ మొదటి కాలేజీ పేరు చెప్పను. అడ్మిషన్ వాళ్లు రోజూ ఫోన్ చేసేవాళ్లు. "మీకు ఆర్‌ఎన్ లైసెన్స్ ఉంది కదా, అన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి, ఏడాదిలో చేతిలో డిగ్రీ ఉంటుంది" అన్నారు. నమ్మి చేరాను. రెండో నెలలో నా క్రెడిట్ల లెక్క వచ్చింది (క్రెడిట్లంటే ఒక్కో కోర్సుకి డిగ్రీలో కలిసే పాయింట్లు). నైట్ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో తెరిచాను. అనాటమీ ఎదురుగా సున్నా. మైక్రోబయాలజీ ఎదురుగా సున్నా. సైకాలజీ, న్యూట్రిషన్ అన్నీ సున్నాలే. లైసెన్స్ చూసి ఇచ్చిన 30 క్రెడిట్లు తప్ప మూడున్నరేళ్ల చదువుకి ఏమీ ఇవ్వలేదు. కారణం ఒక్క లైనులో రాశారు: నేను చదివింది డిప్లొమా, డిగ్రీ స్థాయి చదువు కాదట. ఆ రోజు నిద్ర పట్టలేదు.

తర్వాత నాకు అర్థమైంది ఇది. బీఎస్‌ఎన్ అంటే మామూలుగా 120 క్రెడిట్లు. ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్‌లో, అంటే ఇప్పటికే లైసెన్స్ ఉన్న నర్సులు చేసే బీఎస్‌ఎన్‌లో, కాలేజీవాళ్లు కొత్తగా చెప్పే నర్సింగ్ కోర్సులు సుమారు 30 క్రెడిట్లే. మిగతావి మనం ముందే తెచ్చుకోవాలి. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసిన నర్సుల దగ్గర ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, సైన్సులు కలిపి చాలా క్రెడిట్లు సిద్ధంగా ఉంటాయి. తొమ్మిది నెలల ప్రకటన వాళ్లకోసం రాసింది. వాళ్ల విషయంలో అది నిజమే. మన జీఎన్‌ఎం వాళ్లకి ఎంతకాలం పడుతుందన్నది మన ట్రాన్స్‌క్రిప్టుని (చదివిన సబ్జెక్టులు, మార్కులు ఉన్న అధికారిక పత్రాన్ని) ఆ కాలేజీ ఎలా చూస్తుందనే దానిమీదే ఉంటుంది. ఒకే ట్రాన్స్‌క్రిప్టుకి ఒక కాలేజీ సున్నా ఇచ్చింది, ఇంకొకటి సైన్సులన్నీ తీసుకుంది.

అందుకే ఫీజు ఎంత, ఎన్ని నెలలు అని అడిగే ముందు క్రెడిట్ల లెక్క కాగితం మీద అడగండి. మొదట విదేశీ చదువులను ఇక్కడి లెక్కలోకి మార్చి చెప్పే సంస్థల్లో సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (ఇప్పుడు ట్రూమెరిట్) గానీ, డబ్ల్యూఈఎస్ గానీ, ఈసీఈ గానీ, మీ కాలేజీ ఏది ఒప్పుకుంటే దానితో ఒక్కో సబ్జెక్టుకి విడివిడిగా లెక్కకట్టే రిపోర్టు తెప్పించుకోండి. ఏ సంస్థ రిపోర్టు కావాలో ముందే కనుక్కోకపోతే రెండుసార్లు డబ్బు కట్టాల్సి వస్తుంది. ఇండియా నుంచి ట్రాన్స్‌క్రిప్టు రావడానికి చాలా టైం పడుతుంది. మా తమ్ముడు నా పాత స్కూలుకి మూడుసార్లు తిరిగితే గానీ సీలు వేసిన కవరు బయటికి రాలేదు. కాబట్టి ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. రిపోర్టు వచ్చాక కనీసం మూడు కాలేజీలకు పంపి, 'ఏవి తీసుకుంటారు, నా లైసెన్స్‌కి ఎన్ని క్రెడిట్లు ఇస్తారు, ఇంకా ఏ కోర్సులు మిగిలాయి' అని ఈమెయిల్‌లో రాసిమ్మనండి. రాసివ్వడానికి వెనకాడే కాలేజీకి ఒక్క డాలరు కూడా కట్టవద్దు.

మిగిలిన జనరల్ కోర్సులు యూనివర్సిటీలోనే చేయనక్కర్లేదు. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చాలా తక్కువకే అయిపోతాయి. ఇంగ్లిష్ కాంపోజిషన్, స్టాటిస్టిక్స్ నేను అలాగే చేశాను. సోషియాలజీకి క్లెప్ పరీక్ష (పాసైతే కోర్సు చేయకుండానే క్రెడిట్లు వచ్చే పరీక్ష) రాశాను. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో అయితే ఇంకొకటుంది: అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు, ప్రభుత్వం గురించి 6 క్రెడిట్లు తప్పనిసరి. నర్సుకి ఇవెందుకని మొదట విసుక్కున్నాను. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఎందుకుంటుందో నాకు అర్థమైంది ఆ కోర్సులోనే.

గుర్తింపు విషయం త్వరగా చెప్పేస్తాను. నర్సింగ్ ప్రోగ్రామ్‌కి సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్ లాంటి నర్సింగ్ కోర్సులను పరిశీలించే సంస్థ గుర్తింపు ఉండాలి, యూనివర్సిటీకి విడిగా ఉండాలి. కాలేజీ చెప్పిన మాట కాకుండా గుర్తింపు ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఇది లేకపోతే రేపు మాస్టర్స్‌కి వెళ్లాలంటే తలుపు మూసేస్తారు.

ఇక ఎలాంటి పద్ధతి అన్నది. డబ్ల్యూజీయూ (వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ) లాంటి చోట్ల ఆరు నెలలకు ఒకే ఫీజు. ఆ గడువులో ఎన్ని కోర్సులు పూర్తిచేసుకుంటే అన్ని. చదువుకునే తీరిక, పట్టుదల ఉన్నవాళ్లకి డబ్బు బాగా ఆదా అవుతుంది. కానీ అక్కడ ఏ, బీ గ్రేడ్లు ఉండవు, పాసైతే 3.0 జీపీఏకి సమానంగా చూస్తారు. తర్వాత అనస్థీషియా వైపు వెళ్లాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా, మీరు చేరాలనుకునే ఆ కోర్సువాళ్లు దీన్ని ఎలా చూస్తారో ముందే అడగండి. నేను రెండోసారి చేరింది ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో. ఒక్కో కోర్సు ఐదేసి వారాలు. బుధవారం రాత్రిలోగా డిస్కషన్ పోస్టు, ఆదివారంలోగా ఇద్దరికి జవాబులు, ఏపీఏ పద్ధతిలో (రెఫరెన్సులు ఇలాగే రాయాలనే నియమాలతో) పేపర్లు. నాలాంటివాళ్లకి వెనక ఎవరో తరుముతుంటేనే పని జరుగుతుంది, అందుకే నాకు ఇదే సరిపోయింది. మీ డ్యూటీలు వరసగా సోమ, మంగళ, బుధవారాలు పడుతుంటే మాత్రం ఈ గడువులు చాలా టెన్షన్ పెడతాయి. చేరేముందు షెడ్యూల్ గురించి మేనేజర్‌తో మాట్లాడుకోండి.

ఆన్‌లైన్ అంటే ఇంట్లోనే అంతా అయిపోతుందని కూడా అనుకోకండి. కమ్యూనిటీ హెల్త్ కోర్సులో ప్రాక్టికల్ గంటలుంటాయి. కొన్ని కాలేజీలు చోటు, ప్రిసెప్టర్ (అక్కడ దగ్గరుండి నేర్పే నర్సు) మనల్నే వెతుక్కోమంటాయి. అది తప్పకుండా అడగండి. నా కోర్సులో విండ్‌షీల్డ్ సర్వే చేయించారు. కారులో మన పేటంతా నెమ్మదిగా తిరుగుతూ అక్కడి ఆరోగ్యం ఎలా ఉందో రాసుకోవాలి. నేను డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో చేశాను. రోజూ కూరగాయలకు వెళ్లే దారే. ఆ రోజు చూస్తే ఒక వీధిలో మూడు ఫార్మసీలున్నాయి, బస్ స్టాప్‌కి నీడ లేదు, కాలిబాట మధ్యలోనే ఆగిపోయింది. మనవల్ని చూసుకోవడానికి వచ్చిన మనవాళ్ల అమ్మానాన్నలు ఎండలో రోడ్డు అంచున నడుస్తున్నారు. మా వార్డుకి కళ్లు తిరిగి పడిపోయి వచ్చే పెద్దవాళ్లు ఎక్కడినుంచి వస్తున్నారో నాకు అప్పుడు తెలిసింది. బీఎస్‌ఎన్ వల్ల బెడ్‌సైడ్‌లో నా జీతం పెద్దగా పెరగలేదు గానీ, పేషెంట్‌ని డిశ్చార్జ్ చేసేటప్పుడు నేనడిగే ప్రశ్నలు మారాయి.

డబ్బు సంగతి. మీ హాస్పిటల్ ట్యూషన్ సాయం ఇస్తుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఏడాదికి 5,250 డాలర్ల దాకా దానిమీద పన్ను ఉండదు. చాలాచోట్ల ముందే అనుమతి తీసుకోవాలి, తర్వాత ఏడాదో రెండేళ్లో అక్కడే పనిచేస్తామని సంతకం పెట్టాలి. మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలి కాబట్టి ఆ కాగితం నిదానంగా చదవండి. గ్రీన్ కార్డు ఉంది కనుక మీరు ఫాఫ్సా (చదువుకి ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు) కూడా నింపొచ్చు.

తొందర మాత్రం వద్దు. న్యూయార్క్‌లో 2017లో చట్టం తెచ్చారు, అక్కడ కొత్తగా లైసెన్స్ తీసుకునే ఆర్‌ఎన్‌లు పదేళ్లలో బీఎస్‌ఎన్ చేయాలి. టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. మాగ్నెట్ గుర్తింపు (నర్సింగ్ బాగున్న హాస్పిటళ్లకి ఇచ్చేది) ఉన్న హాస్పిటళ్లలో నర్స్ మేనేజర్ కావాలంటే డిగ్రీ కావాలి, మీ మేనేజర్ అడగడానికి కారణం బహుశా ఇలాంటిదే. సంతకం పెట్టిన కాంట్రాక్టులో మీకేమైనా గడువు రాశారేమో చూసుకోండి.

ఖమ్మంలో ఉన్న మీ చెల్లెలు కూడా ఇలాగే ఆన్‌లైన్‌లో చేయొచ్చా అని చివర్లో అడిగారు. ఇండియాలో దారి వేరు. జీఎన్‌ఎం వాళ్లకి అక్కడ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ రెగ్యులర్‌గా రెండేళ్లు. పూర్తిగా ఇంట్లో కూర్చుని నర్సింగ్ డిగ్రీ తీసుకోవచ్చని ఎవరైనా చెబితే డబ్బు కట్టవద్దని చెప్పండి.

మీ రిపోర్టు వచ్చాక పేరు, లైసెన్స్ నంబరు కొట్టేసి ఇక్కడ పెట్టండి. మంగళ, బుధవారాలు నాకు డ్యూటీ ఉండదు, ఏ సబ్జెక్టు గురించి కాలేజీతో గట్టిగా మాట్లాడాలో చూసి చెబుతాను.